మేం ఊడ్చిన గది

కోఠి ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం కంటపడకపోయి ఉంటే నేను ఈ వయసులో జపనీస్ జోలికి పోయేవాణ్ణి కాదు. అప్పటికి రిటైరై నాలుగు నెలలు. ఆదివారం పూట కాలక్షేపానికి పాత పుస్తకాల వాళ్ల దగ్గర తిరుగుతుంటే, అట్ట చిరిగిన జపనీస్ వాచకం ఒకటి దొరికింది. మొదటి ఆరు పాఠాల్లోని ఖాళీలన్నీ ఎవరో పెన్సిల్‌తో పొందిగ్గా నింపారు. ఏడో పాఠం నుంచి ఒక్క గీత కూడా లేదు. పాపం, ఆ మనిషి ఎవరో అక్కడే చేతులెత్తేశారు. నాకు చిన్నప్పటి నుంచీ ఒక పాడు బుద్ధి ఉంది. ఎవరైనా సగంలో వదిలేసిన పని కనపడితే దాన్ని పూర్తిచేసి చూపించాలని చెయ్యి దురద పెడుతుంది. ముప్పై మూడేళ్ల సర్కారు కొలువులో ఆ దురద తీర్చుకునే అవకాశం పెద్దగా రాలేదు. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

మా ఇల్లు చిక్కడపల్లి గల్లీలో. అక్కడి నుంచి అశోక్‌నగర్ నడిచిపోయే దూరమే. అశోక్‌నగర్ అంటే పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, రీడింగ్ హాళ్లు, జిరాక్సు షాపులు. ఖాళీ గోడ ఉంటే చాలు, ఎవరో ఒకరి ఫొటో, కింద ర్యాంకు. అలాంటి ఒక సెంటర్లో పగటి క్లాసులు మొదలయ్యే ముందు, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా జపనీస్ చెప్తారని నారాయణగూడలో ఒక కరెంటు స్తంభానికి అంటించిన కాగితం చూశాను. మర్నాడే వెళ్లి చేరిపోయాను.

మొత్తం ఎనిమిది మందిమి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఐదుగురు, జపాన్ బొమ్మల సినిమాలు చూసి మతిపోయిన ఇంటర్ అమ్మాయి ఒకతె, ఒక నర్సు, నేను. నర్సమ్మాయిది పాలమూరు వైపు ఊరు. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం కోసం నేర్చుకుంటోంది. మా అందరిలోకీ ఆ భాష అవసరం ఉన్నది ఆమెకొక్కతెకే. అందుకేనేమో మా కేరింతల్లో కలిసేది కాదు, తలవంచుకుని రాసుకునేది. టీచరుకు ముప్పై దాటి ఉంటాయి. జపాన్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చింది. ఆమెను సెన్సేయ్ అని పిలవాలి, అంటే గురువు అని. నా కూతురు వయసున్న అమ్మాయిని నోరారా గురువూ అని పిలుస్తుంటే నాకు పదేళ్లు తగ్గినట్టుండేది.

ఇక నా ఉత్సాహానికి పగ్గాల్లేకుండా పోయాయి. మూడు వారాల్లో అక్షరాలన్నీ వచ్చేశాయి. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు పేరూ జపనీస్‌లో రాసి చీటీలు అంటించాను. ఫ్రిజ్జు మీద, గడియారం మీద, అద్దం మీద, బియ్యం డబ్బా మీద. ఆఖరికి గడ్డి చీపురు ప్లాస్టిక్ పిడి మీద కూడా. అన్ని చీటీలూ బుద్ధిగా అంటుకుని ఉండేవి గానీ చీపురుది మాత్రం నిలిచేది కాదు. రెండుసార్లు మళ్లీ రాసి అంటించాను. జిగురు మంచిది కాదని షాపువాణ్ణి తిట్టుకున్నాను.

అన్నం ముందు కూర్చుంటే చేతులు జోడించి జపనీస్‌లో ఒక ముక్క అనకుండా ముద్ద ఎత్తేవాణ్ణి కాదు. చెప్పులు విడిస్తే వాటి ముక్కులు వీధి వైపు తిప్పి పెట్టేవాణ్ణి. పాలు వేసే అతనికి నడుము వంచి నమస్కారం పెడితే, అతను కంగారుపడి రెండు రోజులు పాల ప్యాకెట్లు గేటుకు తగిలించి వెళ్లిపోయాడు. మా ఆవిడ ఇవన్నీ ఓపిగ్గా భరించింది. ఒక్కసారి మాత్రం, "ఆఫీసుల ఉన్నప్పుడే నయముండె" అంది.

ఒకరోజు పాఠం మధ్యలో సెన్సేయ్ అక్కడి బడుల గురించి చెప్పింది. పిల్లలు తమ తరగతి గదిని తామే ఊడుస్తారట. తుడుస్తారు, కిటికీలు కడుగుతారు. ఏ ఇంటి బిడ్డయినా సరే, రోజూ కొంతసేపు చీపురు పట్టాల్సిందే. ఆ మాట నాకు సూటిగా తగిలింది. మా ఆఫీసులో రోజూ నేను వెళ్లేసరికి నా టేబుల్ అద్దంలా మెరుస్తూ ఉండేది. ఎవరో తుడిచేవారు. ఎప్పుడు తుడిచేవారో ముప్పై మూడేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. సిగ్గనిపించింది. ఆ సిగ్గు నిజమైనదే, అది ఇప్పటికీ అంటాను. దాంతో నేను చేసిందే తప్పు.

లేచి నిలబడి, మన గది కూడా మనమే ఊడ్చుకుందాం అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు చిక్కడపల్లి బజార్లో రెండు చీపుర్లు, ఒక మాపు, బకెట్టు కొనుక్కెళ్లాను. ఎవరి వంతు ఎప్పుడో చార్టు మీద జపనీస్ అక్షరాల్లో రాసి గోడకు అంటించాం. ఆరున్నర క్లాసుకు ఆరుంబావుకే చేరేవాళ్లం. ఇంటర్ అమ్మాయి ఫొటోలు తీసేది. అన్ని ఫొటోల్లోనూ ముందు నేనే, ప్యాంటు పైకి మడిచి, చీపురు రాజదండంలా పట్టుకుని.

ఆ సెంటర్ మొత్తాన్ని రోజూ ఊడ్చే మనిషి ఒకామె ఉంది. నలభై దాటి ఉంటాయి. ఆమెదీ పాలమూరు జిల్లానే. మొగుడితో కలిసి కట్టడం పనికి నగరానికొచ్చి, భుజం పాడై ఇటుకలు మోయలేక ఈ పనిలో కుదిరిందట. పొద్దున్నే ముందు మా గదితోనే మొదలుపెట్టేది. మొదటిరోజు మా చేతుల్లో చీపుర్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరెందుకు సార్, నేన్ చేస్త గద" అంది.

నేను ఆమెకు జపాన్ గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అక్కడ ఏ పనీ చిన్నది కాదని, డాక్టరు బిడ్డ కూడా ఊడుస్తాడని, ఇది మాకు చదువులో భాగమని. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత నేను చీపురు పట్టిన తీరు చూసి నవ్వాపుకోలేకపోయింది. పిడి ఎక్కడ పట్టాలో, ముందు నీళ్లెలా చిలకరించాలో, బెంచీల కింద నుంచి చెత్త ఎటు లాగాలో దగ్గరుండి చూపించింది. వారం రోజులు మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూసేది. ఆమెకు పొద్దున్నే అరగంట విశ్రాంతి ఇచ్చామని నాలో నేను మురిసిపోయాను.

ఆ మురిపెం మీద సెంటర్ యజమాని ఇంకో చెంబుడు నెయ్యి పోశాడు. ఒకరోజు మా గదికి వచ్చి, పెద్దవారు మీరే చీపురు పట్టారంటే మా పిల్లలకు ఇంతకంటే ఆదర్శం ఏముందని నన్ను మునగచెట్టు ఎక్కించాడు. మరో వారానికి ఆ బిల్డింగు ముందు పెద్ద ఫ్లెక్సీ లేచింది. 'జపాన్ పద్ధతిలో క్రమశిక్షణ' అని ఎర్రటి అక్షరాలు, పక్కన చీపురుతో నేను, నవ్వుతూ. చంకలు గుద్దుకున్నాను. అటు బాగ్ లింగంపల్లి వైపు వాకింగుకు వెళ్లాల్సినవాణ్ణి, రెండు రోజులు పనిగట్టుకుని ఇటే తిరిగాను. తీసుకెళ్లి చూపిస్తానంటే మా ఆవిడ రానంది. "మీరు చీపురు పట్టింది సూడాల్నంటే బొమ్మలనే సూడాల్నా" అంది. అప్పట్లో అది మామూలు వెటకారమే అనుకున్నాను.

మెట్ల మీద ఆమె కనపడటం ఎప్పుడు మానేసిందో నేను సరిగ్గా గమనించలేదు. ఇది రాయడానికి ఇప్పుడు కూడా కష్టంగా ఉంది. సొంత ఊరికి పోయిందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు, ఆ సంగతే తలకెక్కించుకోలేదు.

మా గల్లీ చివర, మెయిన్ రోడ్డు మీద కూలీల అడ్డా ఉంది. పొద్దున్నే పారలు, తట్టలు, టిఫిన్ గిన్నెలు పట్టుకుని జనం నిలబడతారు. మేస్త్రీలు బండి మీద వచ్చి కావలసిన వాళ్లను పిలుచుకుపోతారు. ఒకరోజు క్లాసుకు పోతూ, చేతిలో అక్షరాల కార్డులు తిప్పుకుంటూ ఆ గుంపు పక్కనుంచి నడుస్తున్నాను. సార్, బాగున్నరా అని వినపడింది. తల ఎత్తితే ఆమె. అలవాటుగా నడుము వంచి నమస్కారం పెట్టేశాను. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఇక్కడున్నారేమిటని అడిగాను.

"మీరే ఊడ్చుకుంటున్నరు గద సార్. ఇంక అన్ని క్లాసులోల్లు గట్లనే చెయ్యాలె, నువ్వొద్దన్నడు మా సారు" అంది. నా ముఖంలో ఏం కనపడిందో, నన్ను ఊరడించాలనుకుంది కాబోలు, "మంచిగ నేర్చుకున్నరు సార్ మీరు" అని కూడా అంది.

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. భుజం ఎట్లుందని అడిగాను. ఇటుకల పని అయితలేదని, ఇసుక జల్లెడ పట్టే పనికి పిలిస్తేనే పోతున్నానని, మూడు రోజుల నుంచి ఎవరూ పిలవలేదని చెప్పింది. ఇంతలో ఒక మేస్త్రీ బండి ఆపాడు. అందరూ అటు ఉరికారు. ఆమె కూడా ఉరికింది. అతను చిన్న వయసు వాళ్లను ఇద్దరిని తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ నా దగ్గరికి రాలేదు, దూరంగానే నిలబడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

క్లాసుకు వెళ్లేసరికి ఆ రోజు వంతు నాదే. చీపురు తీసుకోలేకపోయాను. జరిగింది చెప్పాను. ఒకబ్బాయి, మనం మంచి ఉద్దేశంతోనే కదా అన్నాడు. నేనూ దారంతా ఆ ముక్కే అనుకుంటూ వచ్చాను గనక వాడి మీద అకారణంగా మండిపడ్డాను. సెన్సేయ్ చేతిలోని పుస్తకం మూసేసింది. అక్కడి బడుల్లో కూడా జీతానికి పనిచేసే మనుషులుంటారని, పిల్లలు ఊడ్చినందుకు వాళ్లను తీసెయ్యరని, ఆ రోజు కథలో ఆ సగం చెప్పలేదని ఒప్పుకుంది.

అప్పుడు నర్సమ్మాయి మాట్లాడింది. తన వంతు వచ్చినప్పుడు గబగబా ఊడ్చేసి, ఫొటో తీస్తుంటే పక్కకు తప్పుకునే పిల్ల.

"మా అమ్మ మా ఊర్ల దవాఖానల గిదే పని చేస్తది అంకుల్. మొదటి దినమే నాకు భయమైంది, గిట్లనే అయితదని. మీ ఉషారు చూసి చెప్పబుద్ధి కాలే."

నా ఉత్సాహం ఒక మనిషి తిండికి అడ్డం పడుతోందని ఈ గదిలో ఒకరికి తెలుసు. నా మీద జాలిపడి ఊరుకుంది. జాలి పడాల్సిన మనిషి నేనా!

ఆ రోజు పాఠం జరగలేదు. నేను, సెన్సేయ్, నర్సమ్మాయి కలిసి యజమాని గదికి వెళ్లాం. అతను చెడ్డవాడేం కాదు. మాకు టీ తెప్పించాడు. చదువుకునే పిల్లలు తమ హాలు తాము ఊడ్చుకుంటే తప్పేమిటన్నాడు. ఆలోచన మీదే కదా సార్ అన్నాడు. అక్కడే నా గాలి తీసేశాడు. అవును, ఆలోచన నాదే, తప్పూ నాదే, అందుకే వచ్చానన్నాను. ఆమెను వెనక్కి పిలవమన్నాను. చూద్దాం అన్నాడు. అయితే ముందు నా ఫొటో దించమన్నాను. ఫ్లెక్సీ పైన కట్టి ఉంది, మనుషులు దొరకాలి, రెండు మూడు రోజులు ఆగమన్నాడు.

నాకు ఆఫీసులో కోపిష్టి అని పేరు. రిటైరయ్యాక ఆ కోపానికి పని దొరక్క తుప్పు పట్టింది. ఆ రోజు అది కాస్త అక్కరకొచ్చింది. మర్నాడు పొద్దున ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చుకుని, సరిగ్గా ఫ్లెక్సీ కింద వేసుకుని కూర్చున్నాను. పైన చీపురుతో నేను, కింద చేతులు కట్టుకుని నేను. కొత్త బ్యాచీలో చేరడానికి వచ్చే పిల్లలు పైకి చూసి, కిందికి చూసి, ఇద్దరూ ఒకరే అని తేల్చుకుని నా దగ్గరికి వచ్చేవారు. అడిగిన ప్రతివాడికీ ఈ బిల్డింగు ఊడ్చే మనిషి ఇప్పుడు అడ్డా మీద నిలబడిందని, నా వల్లే నిలబడిందని చెప్పాను. లోపల చదివే పిల్లలు కూడా కొందరు దిగి వచ్చి నిలబడ్డారు. పరీక్ష నెత్తి మీద ఉంటే హాళ్లు ఊడవలేక, బాత్రూముల వాసన భరించలేక వాళ్లూ విసిగి ఉన్నారు. నా గోడు కంటే ఆ వాసనే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. పదకొండు గంటలకు యజమాని నన్ను పైకి పిలిచి, సోమవారం నుంచి రమ్మని ఆమెకు చెప్పమన్నాడు. ఆ కబురు అడ్డాకు మోసుకుపోయింది నర్సమ్మాయి.

సోమవారం ఆరుంబావుకే వెళ్లాను. ఆమె మా గదిలో బెంచీలు జరుపుతోంది. చార్టు గోడ మీద లేదు, మేమే చింపేశాం. నిజం ఎందుకు దాచాలి, ఆమె ఏదో ఒక మంచి మాట అంటుందని నా లోపల ఆశ ఉంది. ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి నర్సమ్మాయి చెప్పే ఉంటుంది కదా అని. ఆమె నన్ను చూసి నవ్వింది.

"ఇంక మీరు చీపురు ముట్టకుండ్రి సార్" అంది. ఊడ్చుకుంటూ నాలుగు బెంచీలు దాటాక, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి అడిగింది. "మీ ఇంట్ల ఎవరు ఊడుస్తరు సార్?"

దెప్పిపొడవడానికి అడగలేదు. ఊడవడం అంటే ఇంత ఇష్టమున్న మనిషి ఇంట్లో ఎట్లా ఉంటాడో తెలుసుకోవాలని అడిగింది. మా ఆవిడ అని నాకే వినపడనంత మెల్లగా చెప్పాను. అట్లనా అని ఆమె తన పనిలో పడింది.

ఆ రోజు పాఠం ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ముందుగది ఊడుస్తోంది. ఎడమచెయ్యి నడుము మీద ఆనించుకుని, మూడు సార్లు చీపురు ఆడించి, ఒకసారి ఆగి, మళ్లీ మూడు సార్లు. ఎప్పటి నుంచి అలా ఆగి ఆగి ఊడుస్తోందో నాకు తెలియదు. చీపురు ఇటివ్వమన్నాను.

"మల్ల చీటీ అంటిస్తరా" అని విసుక్కుంటూనే ఇచ్చింది.

పిడి పట్టుకున్నాను. పాలమూరు మనిషి నేర్పిన చోటే పట్టుకున్నాను. నా పిడికిలి సరిగ్గా ఆ చీటీ అంటించిన చోట పడింది. చీటీ లేదు. కాగితం పీలికలు నాలుగు, నీలం సిరా మరక ఒకటి మిగిలాయి. గడియారం మీద చీటీ కొత్తగా ఉంది. అద్దం మీదది, ఫ్రిజ్జు మీదది, అన్నీ నేను అంటించిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లానే ఉన్నాయి. జిగురులో లోపమేం లేదు. రోజుకు రెండు పూటలా ఆవిడ చెయ్యి రాసుకుని అది అరిగిపోయింది. మూడుసార్లు అంటించాను, ఆ పేరు మూడు వందల సార్లు పైకి చదువుకున్నాను, ఒక్కసారి కూడా దాన్ని పట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది.

కూర్చోమన్నాను. ఏమైంది మీకు అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. కూర్చోమని మళ్లీ అన్నాను. కిటికీ పక్క కుర్చీలో, ఎవరింటికో వచ్చిన మనిషిలా అంచున కూర్చుంది. నేను నీళ్లు చిలకరించి గోడ వారనుంచి మొదలుపెట్టాను. కాసేపటికి కాళ్లు పైకి ముడుచుకుంది.

"గా మూలకు జర మంచిగ ఊడ్వుండ్రి" అంది.